మంచమే మందైన దినములు

ఆసుపత్రిలో చేరబోవు రోగి అడుగు మొదటి ప్రశ్న "ఎన్నాళ్ళు?" అనునది. పది దినములన్న ధైర్యముగానే వినును. నెల యన్నను ఓర్చుకొనును. "ఇప్పుడే చెప్పలేము" అన్న సమాధానము వచ్చినప్పుడే మనసు జారిపోవును. 1957 ఆగస్టులో మా అమ్మకు దొరకినది ఆ సమాధానమే.

ఆమెకు సోకినది క్షయ. అప్పటికి నాకు 8 ఏండ్లు. మా తమ్మునికి రెండవ ఏడు ఇంకను నిండలేదు. ఆ రోజులలో మా ఊరిలో ఎవ్వరును ఆ రోగము పేరెత్తెడివారు కారు; "ఆ జబ్బు" అని గొంతు తగ్గించి అనెడివారు. మా నాన్నగారు ఆమెను రైలులో తీసికొనిపోయి ఒక శానిటోరియమున చేర్చి వచ్చిరి. దాని పేరుతో మనకిప్పుడు పనిలేదు. 18 నెలలు ఆమె అచటనే ఉండెను.

శానిటోరియమనగా ఏమో నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. 1912లో మదనపల్లెలో ఆరంభమై, పిదప ఆ చేరువనే ఆరోగ్యవరమున స్థిరపడిన చికిత్సాలయము పెద్దలకు గుర్తుండును. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రీమట్ మోలర్ దానికి తొలి అధిపతి. క్షయను చంపు మందు లేని కాలమున వైద్యుల చేతిలో ముఖ్యముగా నున్నవి మూడే: విశ్రాంతి, మంచి గాలి, పుష్టినిచ్చు ఆహారము. రోగి కదలకున్న ఊపిరితిత్తికి పని తగ్గును, పని తగ్గిన పుండు మానునని వారి ఆశ. అది చాలనిచో సూదితో రొమ్ములోనికి గాలి యెక్కించి, చెడిన ఊపిరితిత్తి ముడుచుకొనునట్లు చేసెడివారు. అనగా మనిషినే కాక ఊపిరితిత్తినిగూడ పడుకోబెట్టుట యన్నమాట! కొందరికి ప్రక్కటెముకలే తీసివేసెడివారు. 1943లో స్ట్రెప్టొమైసిన్ కనుగొనబడినది. 1952లో ఐసోనయాజిడ్ వాడుకలోనికి వచ్చినది. మా అమ్మ చేరునాటికి మందులున్నవి గాని పాత నమ్మకము పోలేదు. మందును ఇచ్చిరి, మంచమును ఇచ్చిరి.

అచటి దినచర్యను ఆమె చెప్పగా నేను ఎన్నోమారులు వింటిని. తెల్లవారగనే నోటిలో థర్మామీటరు. మంచము ప్రక్కన మూతగల ఉమ్మిగిన్నె. 'పాస్' అను మందు దినమునకు 10 గ్రాముల దాక మ్రింగవలె. కడుపులో త్రిప్పి, అన్నము సహించెడిది కాదు. మధ్యాహ్నము రెండు గంటలసేపు వార్డంతయు మౌనము. మాటాడరాదు, చదువరాదు, ఊలు అల్లరాదు. నడకకుగూడ కొలతయే. మొదట మంచము దిగి కుర్చీ వరకు. కొన్ని వారములకు వరండా చివర వరకు. జ్వరము రానిచో వేపచెట్టు వరకు. ఒక సాయంకాలము థర్మామీటరులో ఒక్క గీత పెరిగినచో, వేపచెట్టు నుండి మరల మంచమునకు. గ్రుడ్లు తినుమనిరి. మా యింట గ్రుడ్డు గడప దాటి యెరుగదు. ఆమె మా నాయనమ్మకు కార్డు వ్రాసి అనుమతి యడిగెను. "మందనుకుని మింగు" అని నాయనమ్మ జవాబు వ్రాయించెను.

తొలి నెలలలో అమ్మ దినమునకొక చింతగింజ చొప్పున ఒక డబ్బాలో వేయుచు వచ్చెను. ప్రక్క మంచము మీది ముసలావిడ కొన్నాళ్ళు చూచి, "పారెయ్యమ్మాయ్. నేనూ లెక్కపెట్టాను, నాలుగు వందల దగ్గర తప్పిపోయింది" అనెను. ఆవిడకు చదువు రాదు. ఇంటికి కార్డు వ్రాసిపెట్టుమని అడిగెను. డాక్టరుగారు దినమునకు పావుగంట వ్రాయుటకు అనుమతించిరి. చూచుచుండగా ఆ పావుగంట కొరకు వార్డులోని వారందరు వంతులు వేసికొనసాగిరి. ఒకరి ఆవు ఈనినదా యని, ఒకరి కూతురికి సంబంధము కుదిరినదా యని, మరొకరి పొలము కౌలు మాట ఏమైనదని అమ్మ వ్రాయుచుండెడిది. గింజల డబ్బా ఎప్పుడు పోయినదో ఆమెకే గుర్తులేదు.

అందరి కార్డులలోను మొదటి వాక్యము ఒకటే: "ఇచట నేను క్షేమము." అది అబద్ధమని వ్రాయించువారికిని తెలియును, వ్రాయు ఆమెకును తెలియును. ఇంటినుండి వచ్చు జవాబులలోను అదే అబద్ధము. మా యింటి ఉత్తరములును అట్టివే. 1958 వేసవిలో మా అమ్మమ్మ, అనగా అమ్మను కన్నతల్లి, పోయినది. రోగికి బెంగ కలుగునని పెద్దలు నాలుగు నెలలు చెప్పలేదు. తుదకు మా నాన్నగారు వెళ్ళి చెప్పబోగా, అమ్మ "నాకు తెలుసులెండి" అనెనట. అంతకు పూర్వము ప్రతి ఉత్తరమునందును "అమ్మమ్మ దీవెనలు" అను ముక్క యుండెడిది. ఒక ఉత్తరములో అది లేదు. ఆ పై ఉత్తరములోను లేదు. ఆ నాలుగు నెలలు ఆమె ఒంటరిగా దుఃఖించినది. ఎవ్వరినీ అడుగలేదు. వారు దాచదలచినారు గావున తాను తెలియనట్లుండుటయే మర్యాద యనుకొన్నదట.

దీర్ఘరోగిని చూడ బోవువారు బత్తాయిలు కొనిపోవుట మంచిదే. కాని అంతటితో సరిపెట్టుకొనరాదని నా అభిప్రాయము. ఇంటి గొడవ ఒకటి వెంట తీసికొనిపొండు. గేదెను అమ్మవలెనా, పిల్లవానిని ఏ బడిలో వేయవలె, ఆవకాయలో ఉప్పు చాలలేదు ఏమి చేయవలెనని అడుగుడు. తన్ను అడుగకయే ఇల్లు నడచిపోవుచున్నదని తెలిసిననాడు రోగికి కలుగు నీరసము ఏ థర్మామీటరునకును అందదు. క్షయకు నేడు చాలమందికి ఇంటివద్దనే ఆరు నెలల మందులతో నయమగుచున్నది. అయినను రక్తమునకు వచ్చు క్యాన్సరు వంటి వ్యాధులతో నెలల తరబడి వార్డులలో ఉండువారు నేటికిని కలరు. వారి చేతిలో టెలిఫోను ఉన్నది నిజమే. అందులోగూడ "అంతా బాగున్నారు" అనుమాటయే ఎక్కువగా వినబడును.

1959 ఫిబ్రవరిలో అమ్మ ఇల్లు చేరెను. మా తమ్ముడు మా అత్తయ్య కొంగు చాటున నిలిచి, "ఆవిడెవరు?" అని అడిగెను.

అమ్మ వరండా చివర వరకు నడచుట నేర్చుచున్న ఆ కాలముననే మద్రాసులో ఒక పరీక్ష జరుగుచుండెను. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో అచట క్షయ చికిత్సా కేంద్రము నెలకొల్పిరి. 193 మంది రోగులను, చీటీలు తీసినట్లు ఏ పక్షపాతము లేకుండ, రెండు భాగములు చేసిరి. ఒక భాగమును శానిటోరియమున చేర్చిరి. రెండవ భాగమును వారి యిండ్లలోనే ఉంచిరి. ఐసోనయాజిడ్, పాస్ ఇరువురికిని సమానమే, ఒక యేడాది. శానిటోరియమున ఉన్నవారికి మంచి తిండి, విశ్రాంతి, నర్సుల సేవ. ఇండ్లలోనివారు పేదలు, ఇరుకు గదులు, చాలీచాలని తిండి. 1959లో ఫలితములు వెలువడినవి. నయమగుటలో ఇరుపక్షములకును చెప్పదగిన భేదము లేదు. ఇంట నుంచుటవలన కుటుంబములోనివారికి అదనముగా రోగము అంటుకొనలేదనియు పిమ్మట తేలినది. అంటుకొనుట చాలవరకు రోగము బయటపడకముందే జరిగిపోవును. మందు మొదలైన పిదప క్రిములు త్వరగా తగ్గిపోవును.

చాలకాలమునకు, 1995 ప్రాంతమున, నేను ఈ సంగతి చదివి అమ్మకు వివరించితిని. ఆమె చేతిలోని బియ్యపు చేట ప్రక్కన పెట్టి వినెను.

"ఆ ఇళ్ళల్లో చంటిపిల్లలు కూడా ఉన్నారా?" అనెను.

"ఉన్నారమ్మా."

"తల్లుల దగ్గరే పెరిగారా?"

"అక్కడే పెరిగారు."

ఆమె మరేమియు అడుగలేదు. చేట తీసికొని రాళ్ళు ఏరుట ముగించెను. సాయంకాలము ఒక కార్డు తెప్పించుకొని, హైదరాబాదులో ఉన్న మా తమ్మునికి వ్రాసెను. అందులో ఏమి వ్రాసినదో నేను చూడలేదు.