వృత్తిసంఘమును ఎన్నుకొనుట, అందు చేరుట
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



 విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ఇదివరకే సెలవిచ్చియున్నారు. మన నేతపనివారు ఎట్టి సహకారసంఘమున చేరవలయును, చేరిన పిమ్మట ఏమి చేయవలయును అను విషయమును మాత్రము నేను మీకు మనవి చేసికొనెదను.

కులమునందు మనము జన్మింతుము, వృత్తిసంఘమునందు చేరుదుము. ఈ రెంటికిని గల భేదమును మనము చక్కగా గుర్తింపలేదని నా అభిప్రాయము. కులసంఘము పెండ్లికి, చావునకు, చదువునకు తోడుపడును. నూలు ధర పెరిగినపుడును, నేసిన చీర అమ్ముడుపోక మూలబడినపుడును అది చేయగలిగినది స్వల్పము. ఆ భారము వృత్తిసంఘముది. పుట్టుకచే వచ్చినదానిని పరీక్షించు అవకాశము మనకు లేదు. కోరి చేరుదానిని పరీక్షింపక చేరరాదు.

ఒంటరి నేతగాని స్థితి మీరెఱుగనిది కాదు. మాస్టరు వీవరు నూలిచ్చును, డిజైనిచ్చును. నేసిన బట్టను తానే తీసికొని మజూరీ యిచ్చును. ఇంట జబ్బుచేసినను, పెండ్లి వచ్చినను అడ్వాన్సు నిచ్చువాడును ఆతడే. ఆ అడ్వాన్సు తీరువరకు వేరొకరి పడుగును మగ్గమున కెక్కించుట దుర్ఘటము. మాస్టరు వీవర్లు దుర్మార్గులని నేననుట లేదు. నష్టభయమును తామే వహించి, కష్టకాలమున చేయూతనిచ్చినవారు మనలో పెక్కురు కలరు. ఈ సభను పోషించువారిలోను కలరు. కాని బేరమున ఒకవైపు రెండు చేతులు మాత్రమే యుండి, రెండవవైపు నూలు, అప్పు, బజారు అన్నియు నున్నపుడు న్యాయమైన మజూరీ దయచే లభింపవలసినదే గాని హక్కుచే లభింపదు.

దీనికి విరుగుడు కనుగొన్నవారిలో నేతపనివారు ముందుండుట మనకు గర్వకారణము. ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున 1844వ సంవత్సరమున 28 మంది కార్మికులు తలకొక పౌను వాటాగా, వారమునకు కొన్ని పెన్నీల చొప్పున కూడబెట్టి, డిసెంబరు 21వ తేదీన ఒక చిన్న దుకాణము తెఱచిరి. వారిలో పలువురు ఫ్లానెలు నేయువారు. సరుకు కల్తీ లేనిది, తూకము సరియైనది, అరువు లేదు. లాభమును ఎవరెంత కొనిరో ఆ మేరకు పంచిరి. వాటాలెన్ని యున్నను మనిషికి ఒక్కటే ఓటు. సహకారసంఘమునకు ప్రాణము ఈ కడపటి నియమమే.

మనదేశమున సహకారపరపతి సంఘముల చట్టము 1904లో వచ్చెను. 1912లో పరపతి గాక ఇతర కార్యములకును సంఘములను స్థాపించుకొన వీలు కలిగెను. 1935లో చేనేతవారి రాష్ట్రసహకారసంఘము మద్రాసునందు ఏర్పడెను. అనగా ఈ మార్గము మనకు క్రొత్తది కాదు.

సంఘటితశక్తికి దగ్గరి దృష్టాంతము పోచంపల్లి. అచ్చటి ఇక్కత్తు నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. అందుకై దరఖాస్తు చేసినవారిలో ఆ యూరి చేనేత సహకారసంఘ మొకటి. 1999వ సంవత్సరపు చట్టము ప్రకారము అట్టి గుర్తింపును ఉత్పత్తిదారుల సంఘమో, సంస్థయో, అధికారమండలియో కోరవలెను. ఎంతటి నేర్పరియైనను ఒంటరివాడు తనకై కోరజాలడు.

ఇక ఎన్నుకొనుట. సంఘమున చేరబోవువారు నాలుగు ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: సభ్యులెవ్వరు? మగ్గము తాకనివారు పుస్తకములందు నేతగాండ్రైయున్న సంఘములు కొన్ని గలవని మనలో తెలియనివారు లేరు. సభ్యుల పట్టీ చేతబట్టి వీధివెంట నడచిన, మగ్గముల చప్పుడే నిజము చెప్పును.

రెండవది: లెక్కలెట్లున్నవి? ఏటేట ఆడిటు జరిగినదా? సర్వసభ్యసమావేశము కూడినదా? ఎన్నికలు సకాలమున జరుగుచున్నవా, లేక పర్సన్ ఇన్‌చార్జి పాలనయందున్నదా? 1964వ సంవత్సరపు చట్టము క్రింద నమోదైనదో, 1995వ సంవత్సరపు పరస్పర సహాయక సంఘముల చట్టము క్రింద నమోదైనదో కనుగొనవలెను. మొదటిదానియందు ప్రభుత్వపు వాటాధనమునకును పర్యవేక్షణకును ఎక్కువ తావు కలదు. రెండవదానియందు ప్రభుత్వపు వాటాధనము లేదు, బాధ్యత సభ్యులదే.

మూడవది: పని యెంత? గడచిన యేట ఎన్ని నెలలు నూలు ఇచ్చిరి? బట్ట అప్పగించిన ఎన్నాళ్లకు మజూరీ చేతికి వచ్చుచున్నది? అమ్ముడుపోని సరుకెంత? ఈ ప్రశ్నలను అధ్యక్షునికంటె ముందు గుంటమగ్గమున కూర్చున్న సభ్యుని అడుగుడు.

నాలుగవది: తలుపు ఎవరికి మూసియున్నది? ఇచ్చట నన్ను కొంచెము నిష్ఠురముగా మాటలాడనిండు. కండెలు చుట్టువారు, ఆసు పోయువారు, చిటికి కట్టువారు ఎక్కువగా మన స్త్రీలే. వారి శ్రమ లేక పడుగు లేదు, పేక లేదు. అయినను సభ్యత్వము మగవాని పేరనే యుండుట పెక్కుచోట్ల చూచుచున్నాము. స్త్రీకి ఓటులేని వృత్తిసంఘము సగము మగ్గముతో నేయుటవంటిది. అట్లే పద్మశాలీలే గాక దేవాంగులు, పట్టుసాలీలు, తొగటలు మొదలుగా పలువురు ఈ వృత్తిచే జీవించుచున్నారు. నూలు ధర కులమునుబట్టి పెరుగుట లేదు, తఱుగుట లేదు. కాబట్టి వృత్తిసంఘపు వాకిట కులము ద్వారపాలకుడై నిలువరాదు. కులమహాసభలో ఈ మాట చెప్పుట సాహసమని తోచవచ్చును. కాని చెప్పదగిన చోటును ఇదియే.

చేరుటతో పని ముగియదు. వాటాధనమునకు రశీదు పుచ్చుకొనుడు. బైలాల ప్రతిని అడిగి చదువుడు, చదువరానిచో చదివించుకొనుడు. బజారున గిరాకి యున్నపుడు బట్టను బయటివారికమ్మి, గిరాకి లేనపుడు సంఘమునకు తెచ్చు సభ్యుడే సంఘమునకు మొదటి శత్రువు. సమావేశమునకు రాక, పిమ్మట అరుగుమీద నిందించువాడు రెండవ శత్రువు.

పోషకమహాశయులకు ఒక విన్నపము. మీ దానము సత్రములకును విద్యార్థులకును ఎన్నడును కొఱతపడలేదు. ఇకమీదట మన కుటుంబములలో కామర్సు చదివిన యువకులను, యువతులను ఏడాదికొక్కమారు తమ యూరి సంఘమునకు పంపుడు. వారు జమాఖర్చులను పరిశీలించి, సర్వసభ్యసమావేశమున సులభమైన తెలుగున వివరించినచో, అధ్యక్షపదవి నలంకరించుటకంటె అది గొప్ప సేవ యగును.

పడుగు ఒంటరిపోగుగా నున్నపుడు చిటికెనవ్రేలితో త్రెంపవచ్చును. పేకతో కలిసిన పిమ్మట అది బట్టయై మానమును కాచును. ఏ పేకతో కలియవలెనో తెలిసి కలియుడని మాత్రమే నా ప్రార్థన.