బందరు తీరాన పరాయి ఫిరంగులు

నాపరాళ్ల బేతంచెర్లలో పెరిగిన నేను సముద్రాన్ని మొదట చూసింది బందరులోనే. 1673లో ఆ తీరానికి చేరువలోనే ఇంగ్లీషు, డచ్చి ఓడలు తలపడ్డాయి. తగవు పుట్టింది ఐరోపాలో. ఇక్కడ ఇద్దరి కన్నూ గోల్కొండ రాజ్యపు అద్దకం బట్టల మీదే!

తెరచాప ఓడకు ఫిరంగులు ఎక్కువగా రెండు పక్కలా ఉంటాయి. శత్రువుకు పక్క తిప్పితేగాని గుండు తగలదు. ఓడ తిరగాలంటే గాలి కలిసిరావాలి. అందుకే గాలి వచ్చేవైపు చోటు దక్కించుకోవడానికే సగం పోరాటం.

1673 నాటి ఆ పోరులో ఇంగ్లీషు కంపెనీ మూడు ఓడలు పోగొట్టుకుంది. 1674లో సంధి కుదిరింది.

డచ్చివాళ్లను మనవాళ్లు వలందులన్నారు. బందరు వెళితే వలందపాలెం ఎక్కడని అడగండి, చూపిస్తారు.