గ్రంథచౌర్య నివారణ – అధ్యాపకుల పనివేళలు
(ఢిల్లీ కళాశాలల అధ్యాపకుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



యు.జి.సి. 2018 జూలైలో గ్రంథచౌర్య నివారణ నిబంధనలు ప్రకటించిన సంగతి మీరెరుగుదురు. సిద్ధాంత గ్రంథంలో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 40 వరకైతే ఆరు నెలలలోపు సవరించి సమర్పించాలి. 60 వరకైతే ఏడాదిపాటు సవరణ ప్రతిని సమర్పించరాదు. ఆపైన నమోదే రద్దు. అయితే తరగతి అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు నివేదికలు, జవాబు పత్రాలు ఈ నిబంధనల పరిధిలో లేవు. అనగా పరిశోధకుని పని పట్టుటకు యంత్రం ఉన్నది, బి.ఏ. మొదటి సంవత్సరపు విద్యార్థికి మనమే దిక్కు. ఎత్తివ్రాత అలవాటయ్యేది అక్కడనే.

ఒక సంవత్సరం మేము పారిశ్రామిక విప్లవ ఫలితాలను వివరింపుమని అడిగాము. వచ్చిన పత్రాలలో సగానికి సగం ఒకే పేరా, అచ్చుతప్పుతో సహా! మొదట ఆగ్రహించాము. పిలిచి అడుగగా, బడిలో గైడులోని మాటలు ఉన్నవి ఉన్నట్లు వ్రాస్తేనే మార్కులు వచ్చేవనీ, ఇతరుల మాటను ఉటంకించే పద్ధతి ఎవరూ నేర్పలేదనీ చెప్పారు. ఇంతకూ ఆ ప్రశ్నను ఏండ్ల తరబడి మార్చనిది మేమే. దొంగచేతికి తాళాలిచ్చి దొంగను తిట్టినట్లయింది.

మరుసటి ఏడు ప్రశ్న మార్చాము. ఓఖ్లా వంటి పారిశ్రామిక వాడలో పనిచేసే బంధువునో, పొరుగువారినో కలిసి మాట్లాడి, వారి మాటలను పాఠ్యగ్రంథంలోని ఒక వాదంతో పోల్చమన్నాము. చిత్తుప్రతి ముందుగా చూచాము. తుదిప్రతి ఇచ్చేటప్పుడు రెండు నిమిషాలు నోటితో వివరించమన్నాము. ఎత్తివ్రాత మాయమైనదని చెప్పము, తగ్గినది. అడిగినదే తడవుగా యంత్రం వ్యాసం వ్రాసిచ్చే ఈ రోజులలో, పోలిక శాతాలు పట్టలేనిది ఆ రెండు నిమిషాలలో బయటపడుతున్నది.

కాని అరవై చిత్తుప్రతులు చదువుటకు వేళ ఎక్కడిది? 2018 నాటి యు.జి.సి. నియమాల ప్రకారం అసిస్టెంటు ప్రొఫెసరు వారానికి 16 గంటలు బోధించాలి. రాత్రివేళ ఇంటివద్ద దిద్దే చిత్తుప్రతులు ఆ లెక్కలోకి రావు. ఢిల్లీ కళాశాలలలో నాలుగేసి నెలల నియామకంతో ఏండ్లు గడిపిన తాత్కాలిక అధ్యాపకులను మనమెరుగుదుము. వచ్చే నియామకమే నిశ్చయం కానివారు ఎత్తివ్రాతను పట్టుకొని ఏ ధైర్యంతో నివేదిస్తారు?

కనుక ట్యుటోరియల్ బృందాలు చిన్నవి కావాలనీ, చిత్తుప్రతులు చూచిన గంటలను పనివేళలలో చేర్చాలనీ మన కోర్కెల పత్రంలో వ్రాయవలసిందిగా ఈ సదస్సును కోరుతున్నాము.