తెగిన గాయం ఎలా మానుతుంది?



అమలాపురం నుంచి రాజోలు దాకా కొబ్బరి తోటలు, వరి చేలు. ఆ పనిలో కొడవలి తగలని చేయి ఉందా?

వేలు తెగితే రక్తం కారుతుంది. కాసేపటికి గడ్డ కడుతుంది. అదే గాయానికి మూత. తర్వాత రక్తంలోని తెల్ల కణాలు వచ్చి క్రిములను చంపుతాయి. అందుకే గాయం చుట్టూ కొంచెం వాస్తుంది. ఆపైన అంచుల నుంచి కొత్త చర్మం పెరుగుతుంది. పక్కు దానంతటదే రాలుతుంది. గిల్లకండి.

కొత్త చర్మానికి సరుకు ఎక్కడిది? మన తిండిలోదే. పప్పు, గుడ్డు, చేపల్లో మాంసకృత్తులు ఉన్నాయి. అవి పొట్టలోనూ, సుమారు 20 అడుగుల చిన్న పేగులోనూ అరుగుతాయి. రక్తంలో కలిసి గాయాన్ని చేరతాయి. దెబ్బ తగిలితే గుడ్డు, చేప మాన్పిస్తారు కొందరు. గోడ కట్టేటప్పుడు ఇటుకలు ఆపుతామా? ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నెలో మిగిలిందే మనకు చాలనుకోవద్దు.

పొట్ట వెనుక క్లోమం అనే గ్రంథి ఉంది. అది ఇన్సులిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. అది చాలకపోయినా, సరిగా పనిచేయకపోయినా రక్తంలో చక్కెర పెరుగుతుంది. అదే షుగరు జబ్బు. అప్పుడు గాయం తొందరగా మానదు. రెండు వారాలైనా మానకపోతే రక్త పరీక్ష చేయించుకోండి.

గాయాన్ని సబ్బుతో, మంచినీళ్లతో కడగండి. పేడ, బూడిద, మట్టి పెట్టకండి. ధనుర్వాతం వస్తే ప్రాణమే పోవచ్చు. వెంటనే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, టీకా కావాలేమో అడగండి.

కూడు పెట్టే చేతులివి. కాపాడుకుందాం!