పింఛను భిక్ష కాదు, మన ముసిలోళ్ల బాకీ

(శ్రీకూర్మంలో దళితపేట పెద్దల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన శ్రీకూర్మానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కూర్మనాథుడిని చూస్తారు, శ్వేతపుష్కరిణి దగ్గర చచ్చిపోయిన పెద్దలకి పిండాలు పెడతారు. చచ్చినోళ్ల ఆకలి గురించి ఇంత బెంగపడే దేశంలో, పేటలో మంచం మీద బతికున్న ముసలమ్మ ఆకలి ఎవరికీ పట్టదు. భూమి ఉన్నోడికి ముసలితనంలో భూమి కూడు పెడుతుంది. మనోళ్లకి రెక్కలే ఆస్తి. పరాయి పొలంలో ఉడిచి, కోసి, మోసి ఆ రెక్కలు పడిపోయేక ఏటి గతి?

రాజ్యాంగం 41వ అధికరణ దీనికి జవాబు చెప్పింది. ముసలితనంలో, జబ్బులో, అంగవైకల్యంలో ప్రభుత్వం ఆదుకోవాలంది. కానీ దాన్ని ఆదేశిక సూత్రాల్లో ఉంచేరు, కోర్టుకెళ్లి నిలదీసి తెచ్చుకునే వీల్లేదు. 1982లో నకారా కేసులో పెన్షన్ యజమాని దయ కాదు, హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. అది సర్కారు ఉద్యోగుల కేసు. ఆఫీసులో కూర్చున్నోడికి హక్కయినది బురదలో వంగినోడికి దయ ఎలాగవుతుంది?

1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలెట్టినప్పుడు దాని వాటా నెలకి 75 రూపాయలు. ఇవాళ్టికీ 80 ఏళ్ల లోపు వాళ్లకి కేంద్రం ఇచ్చేది 200 రూపాయలే. మిగతాది రాష్ట్రం కలుపుతోంది. ఏ నాయకుడూ జేబులోంచి ఇవ్వటం లేదు. సబ్బు మీద మనం కట్టిన డబ్బే అది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ముసిలోళ్లకి నెలకి 4,000. వికలాంగులకి 6,000. పక్షవాతం వచ్చి మంచానికో చక్రాల కుర్చీకో అతుక్కుపోయినోళ్లకి 15,000. డప్పు కొట్టేవాళ్లకి 50 ఏళ్లకే, చెప్పులు కుట్టే చర్మకారులకి 40 ఏళ్లకే పింఛను ఉంది. పేటలో ఇవి ఎంతమందికి తెలుసు? కళ్లు పోయిన ముసలాయన 4,000 తీసుకుని దండం పెట్టి ఊరుకుంటున్నాడు. పక్షవాతంతో పడిపోయిన ముసలమ్మ కూడా అదే 4,000 కాడ ఉంది.

15,000 అంటే ఎక్కువ అనుకోకండి. మంచంలో ఉన్న మనిషికి ఒళ్లు తుడవాలి, బట్టలు మార్చాలి, అన్నం తినిపించాలి, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పాలి. ఆ పని కోడలో కూతురో చేస్తుంది. అంటే ఇంట్లో ఒక కూలి పోయింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్లో, ఎక్కువ ఆసరా కావలసినోళ్లని చూసుకునే మనిషికి భత్యం అనే మాట కూడా ఉంది. ఆడదాని చాకిరీకి చట్టం ఒక పేరు పెట్టింది. మనం దానికి లెక్క అడగాలి.

అడ్డంకులు ఎక్కడున్నాయి? మొదటిది వయసు. మన తాతముత్తాతల పుట్టినరోజు ఎవరు రాసేరు? బడిలో చేరితే జూలై ఒకటి, చేరకపోతే ఆధార్ వాడి నోటికొచ్చిన ఏడాది. కొడుక్కి టెన్త్ సర్టిఫికెట్లో 48 ఏళ్లు, తల్లికి ఆధార్లో 55! ఏడేళ్లకే కందా? ఈ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి అధికారి ముందుకెళ్లాలి.

రెండోది సదరం సర్టిఫికెట్. లేవలేని మనిషిని బండి కిరాయి కట్టి ఆసుపత్రికి మొయ్యమంటారు. 2025 జనవరిలో 15,000 తీసుకుంటున్నోళ్లని తనిఖీ చెయ్యటానికి డాక్టర్లు ఇళ్లకే వచ్చేరు. అనర్హులని ఏరటానికి మంచం దాకా రాగలిగిన డాక్టరు, అర్హుడికి సర్టిఫికెట్ ఇవ్వటానికి ఎందుకు రాలేడు? ఇది మన మొదటి డిమాండు.

మూడోది ఇంటి లెక్క. ఒక కార్డుకి ఒకే పింఛను అంటారు. తీవ్ర వైకల్యం ఉన్నోళ్లకి, డయాలసిస్ వాళ్లకి మినహాయింపు ఉంది, అది చెప్పరు. ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉంటే తీసేస్తారు. కానీ పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలకి మినహాయింపు ఉంది, అదీ చెప్పరు.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. పేటకి ముగ్గురు చదువుకున్న కుర్రాళ్లు ఇల్లిల్లూ తిరిగి మంచంలో ఉన్నోళ్ల పేర్లు, వయసు, ఇప్పుడొస్తున్న పింఛను రాయండి. సచివాలయంలో నోటితో అడక్కండి, కాయితం ఇచ్చి రశీదు తీసుకోండి. "ఇప్పుడు కొత్తవి తీసుకోవటం లేదు" అంటే ఆ మాటే రాసి ఇమ్మనండి. రాసివ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. సోమవారం శ్రీకాకుళం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. ఒక్కొక్కరూ వెళ్తే అర్జీ మూలన పడుతుంది. యాభై మంది కలిసి వెళ్తే కుర్చీ కదులుతుంది. చెయ్యి అరిగి వేలిముద్ర పడకపోతే తల దించుకోకండి. కనుపాప, ముఖం చూసి ఇచ్చే పద్ధతి ఉంది. ఆ గీతలు అరిగింది ఎవరి పొలంలోనో అడగండి.

బాబాసాహెబ్ మనకి చదువు, సంఘం, పోరాటం నేర్పింది ఎన్నికల రోజు కోసం కాదు. మంచం మీదున్న తల్లికి మందు, మెతుకు అందించటానికి కూడా. వచ్చే సోమవారానికి లిస్టు తయారవ్వాలి.

జై భీమ్!