ఉప్పెన నాటి మిత్రులం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము నలుగురం. దివిసీమలో ఒకే బడిలో చదువుకున్నవాళ్ళం. యిద్దరం ముస్లిములం, యిద్దరం హిందువులం. నలుగురి తరఫున ఒకరు మాట్లాడితే చాలునన్నారు కార్యదర్శిగారు. కనుక యీ మాటలు నలుగురివీ అనుకోండి.

1977 నవంబరు 19, శనివారం. బక్రీదు రెండు మూడు రోజుల్లోకి వచ్చింది. మాకప్పుడు పన్నెండు పదమూడేళ్ళు. తుఫాను వస్తుందని రేడియోలో చెప్పారు. తుఫానులు మాకు కొత్త కాదు. గాలి వీస్తుంది, కప్పు లేస్తుంది, తెల్లారితే మళ్ళీ తాటాకు కప్పుకుంటాం. పెద్దవాళ్ళు అట్లాగే అనుకున్నారు. సముద్రమే యింటిమీదికి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఎందుకు వచ్చిందో తర్వాత తెలుసుకున్నాము. తుఫాను చీరాల ప్రాంతంలో తీరం దాటింది. మన తీరంలో, తుఫాను దాటిన చోటుకు కుడి వైపున, అంటే యీశాన్యాన వున్న వూళ్ళమీదికే గాలి నీటిని ఎక్కువగా తోసుకొస్తుంది. దివిసీమ ఆ పక్కనే వున్నది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలితే ఆ పాయల నడుమ ఏర్పడిన పల్లపు నేల అది. ఒడ్డున సముద్రం లోతు కూడా తక్కువ. నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి వచ్చింది. తాటాకిల్లు మునిగిపోయే ఎత్తు. అధికార లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు.

మా యిళ్ళల్లోనూ పోయారు. బతికినవాళ్ళం తలా ఒక దిక్కయినాము. ఒకరు బెజవాడలో టైలరు, ఒకరు హైదరాబాదులో గుమాస్తా, ఒకరు కువైట్‌లో డ్రైవరు. ఒక్కరే వూళ్ళో వుండి సేద్యం చేసుకున్నారు.

భయం మాత్రం నలుగురి వెంటా వచ్చింది. గాలి యీల వేస్తే చాలు, టైలరుగారు మిషను ఆపేసి తలుపు దగ్గర కూర్చునేవారు. డ్రైవరుగారు ఎడారిలో గాలిదుమారం రేగితే మంచమెక్కి నిలబడేవారట. గుమాస్తాగారు సముద్రం మొహమే చూడలేదు. పిల్లలు విశాఖ తీసుకుపొమ్మంటే తిరుపతి తీసుకుపోయేవారు. ఎవరమూ ఎవరికీ చెప్పుకోలేదు. మగవాడు గాలికి భయపడ్డాడంటే నవ్వుతారని.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రాత్రి, వూళ్ళో వున్న మిత్రుడు మిగతా ముగ్గురికీ ఫోను చేశారు. "ఒరే, నిద్ర పట్టటంలా. మీరు పడుకున్నారా?" అన్నారు. నలుగురమూ మెలకువగానే వున్నాము.

మరుసటి యేడు నవంబరు 19న హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసే చోట కలుసుకున్నాము. అరవై దగ్గరపడినవాళ్ళం, పిల్లల్లాగా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగాము. తర్వాత ఒడ్డున కూర్చుని, ఆనాడు ఎవరు ఏం చూశారో మొదటిసారి చెప్పుకున్నాము.

గుమాస్తాగారికి ఆరేళ్ళ చెల్లెలు వుండేది. ఆ పిల్ల చెయ్యి తానే వదిలేశానని యిన్నేళ్ళూ ఆయన నమ్మకం. భార్యాబిడ్డలకు కూడా చెప్పలేదు. అది విని, ఆనాడు పక్కనే తుమ్మచెట్టు పట్టుకుని వున్న మిత్రుడు అన్నారు: "నువ్వు వదల్లేదురా. యింటి దూలం కొట్టుకొచ్చి మీ యిద్దరి మధ్యన పడింది. ఆ మసక వెలుతుర్లో నేను చూశాను. నీ చెయ్యి విరిగింది అందుకే గదా! నీకు తెలుసుననుకున్నాను."

ఆ చెయ్యి నేటికీ వంకరే. దూలం సంగతి మాత్రం ఆయనకు జ్ఞాపకం లేదు. ఆయన చాలాసేపు ఏడ్చారు. మేమెవరమూ ఆపలేదు.

సోదరులారా, మా భయం పోయిందని చెప్పటం లేదు. అది ఒక్కొక్కరి దగ్గర వున్నంతకాలం రోగంగా వుండేది. నలుగురం చెప్పుకున్నాక జాగ్రత్తగా మారింది. 1990 మే నెలలో పెద్ద తుఫాను మళ్ళీ కృష్ణా తీరాన్ని కొట్టింది. లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపే. ఆ వెయ్యీ తక్కువ కాదు గాని, 1977తో పోల్చి చూడండి. యిప్పుడు ఆనాటి సంగతి చూసినవాళ్ళు తగ్గిపోతున్నారు. "గొడ్లను వదిలి ఎట్లా వస్తాం? పక్కా యింటికి ఏమవుతుంది?" అనే మాట మళ్ళీ వినబడుతోంది.

అందుకని మా వూరి బడి పిల్లలకు నాలుగు మాటలు చెబుతున్నాము. కబురు రాగానే కదలండి. ముసలివాళ్ళను, గర్భిణులను ముందు పంపండి. గొడ్ల కట్లు విప్పి వదలండి. గాలి వున్నట్టుండి ఆగితే బయటకు రావద్దు. తుఫాను కన్ను దాటాక రెండోవైపు నుంచి మళ్ళీ కొడుతుంది. మసీదు మైకులోనూ, గుడి మైకులోనూ యివే మాటలు వినబడేట్టు చూడవలసిందిగా సంఘం పెద్దలకు మనవి.

ఈ సభలో మా వయసువారు చాలామంది వున్నారు. మీతోపాటు ఏదో ఒక కష్టం చూసిన చిన్ననాటి మిత్రుడు ఎక్కడో వుండే వుంటాడు. మీరు చూడనిది ఆయన చూసివుండవచ్చు. వెళ్ళి అడగండి. ఆలస్యం చేయకండి.