స్కూలు బ్యాండు పిల్లలకు పాట అల్లిక



ఇక్కడి అమెరికా స్కూళ్ళలో ఐదో తరగతికో ఆరో తరగతికో రాగానే మన పిల్లలు క్లారినెట్టో ట్రంపెట్టో పట్టుకుని ఇంటికి వస్తారు. ఆ మీదట కొన్ని నెలలు ఇంటిల్లిపాదికీ పరీక్షే! బ్యాండు నేర్పే మాకు మాత్రం అపస్వరాల కంటె వేరే బెంగ ఉంది. పిల్లవాడు ఒక్కొక్క స్వరమే చూసి ఊదుతాడు. పాట ఎటు పోతున్నదో తెలియదు గనుక, ఒకచోట తప్పితే మళ్ళీ అందుకోలేడు. అలా నాలుగుసార్లయితే వాయిద్యం పెట్టెలోనే ఉండిపోతుంది. అందుకే పాట అల్లికను మొదటి నెలల్లోనే నేర్పుతాము.

'హాట్ క్రాస్ బన్స్' అనే చిన్న పాట చాలామందికి తొలిపాఠం. మూడే స్వరాలు, మన లెక్కలో గ, రి, స. నాలుగు ముక్కల్లో మూడోది మాత్రమే వేరు. ఆ సంగతి మేము చెప్పము. వాయించి వినిపించి, వరుస మారినచోట చెయ్యి ఎత్తమంటాము. ఒకే రకం ముక్కలకు ఒకే రంగు పెన్సిలు దిద్దమంటాము. నేర్వవలసినవి నాలుగు కాదు, రెండే అని తేలినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి! 'ఏ, ఏ, బి, ఏ' అన్న పేర్లు ఆ తరువాతే. ముందే చెబితే అవి బట్టీ పట్టే మాటలవుతాయి.

తెలుగు మాట తడబడే పిల్లలైనా, ఇంట్లో కీర్తన వింటూ పెరిగితే, చరణం కాగానే పల్లవి వస్తుందని వాళ్ళ చెవికి తెలుసు. బ్యాండు కాగితం మీద 'డా కాపో అల్ ఫీనే' అని ఉంటే మొదటికి పోయి, 'ఫీనే' అన్నచోట ముగించాలి. పల్లవికి వచ్చి ఆగడం వంటిదే గదా!

అయితే రెండూ ఒకటే అని మేము అనము. త్యాగరాజస్వామి కృతిలో పల్లవి పంక్తి సంగతి మీద సంగతిగా పెరుగుతుంది. మొజార్టు ఒక ఫ్రెంచి పాటకు, అంటే ఇక్కడి పసివాళ్ళ 'ట్వింకిల్' వరుసకే, 12 మార్పులు కట్టాడు. అక్కడ ప్రతిసారీ పాట మొత్తం కొత్త వేషం వేస్తుంది. సూసా 1896లో కట్టిన 'స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్' కవాతులో మధ్యన 'ట్రియో' దగ్గర శ్రుతి మారుతుంది, మొదటి వరుస ఇక తిరిగి రాదు. పల్లవి కోసం ఎదురుచూసే మన పిల్లలు అక్కడ తెల్లబోతారు. ఆ తెల్లబోవడం మాకు ఇష్టం. విన్నారని దానివల్లనే తెలుస్తుంది.

పిల్లలు సాధన చేస్తుంటే "తప్పు" అనకండి. "ఇప్పుడు పల్లవిలో ఉన్నావా, చరణంలోనా?" అని అడగండి. సంగీతం రాని తండ్రులూ అడగవచ్చు. ఈ సాయంత్రం ఆరో తరగతి పిల్లలు వాయించబోతున్నారు. వరుస మారినచోట దయచేసి మీరూ చేతులెత్తండి.